కాశీ దారికి గుర్రం

3 నవంబరు 2024, కరీంనగర్

పశుగణన మొదలైంది. ఇరవై ఒకటోది. ఫోన్లోనే నమోదు. ఆవులు, బర్లు, గొర్లు, మేకలు, కోళ్లు... గుర్రం గడి రాగానే గణన పిల్లలు సున్నా కొట్టి ముందుకు పోతున్నారు. "గుర్రం కనబడితే నాకు ఫోన్ చెయ్యండి" అన్నా. ఎందుకు మేడం అని ఒక్కరూ అడగలేదు. ఆఫీసు పని అనుకున్నట్టున్నారు.

2012లో దేశమంతా కలిపి 6.25 లక్షలు. 2019 నాటికి 3.4 లక్షలు. ఏడేళ్లలో దాదాపు సగం. ఎటు పోయినయి అవన్నీ?

జూన్‌లో రిటైర్మెంట్. కార్తీకంలో గుర్రం మీద బయల్దేరాలి. వానలు వెనకబడతాయి, వాగుల్లో నీళ్లుంటాయి, చేన్లలో పచ్చి మేత ఉంటుంది. నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్, జబల్‌పూర్, రీవా, ప్రయాగ, కాశీ. వెయ్యి కిలోమీటర్ల పైమాటే.

ఇంట్లో ఇంకా చెప్పలేదు.

7 నవంబరు

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రను మళ్లీ తీశా. 1830 మే 18న చెన్నపట్నంలో కదిలాడు. హైదరాబాదు దాటి, నిర్మల్ మీదుగా నాగపూర్ దారి పట్టాడు. ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఏ దారి రాళ్లు, ఏది బురద... అన్నీ రాసుకున్నాడు. నాకు ఇది యాత్రాచరిత్ర కాదు, దారి పటం.

ఆయనది పల్లకీ. మోసింది బోయీలు. వాళ్ల పాదాలు ఎట్లున్నాయో ఆలోచిస్తూ పడుకున్నా. మోసేవాళ్లను బట్టే కదా మజిలీ.

15 నవంబరు, ధర్మపురి

పౌర్ణమి. గోదావరి స్నానం. గట్టు మీద తల తుడుస్తూ అమ్మకు చెప్పేశా.

"కాశికి పోయినోడు కాటికి పోయినోడు ఒకటే అంటరు బిడ్డా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "గుర్రానికి తిండెవరు పెడతరు? దారిల దానికేం దొరుకుతది?"

ఇదే అసలు ప్రశ్న. ఎనభై దాటిన అమ్మ నోట వచ్చింది. దాణా బస్తాల మీద బతికే గుర్రం నాకు పనికిరాదు. జొన్న చొప్ప, గట్ల మీది గడ్డి, పిడికెడు ఉలవలు, ఏ ఊరి నీళ్లైనా తాగేది కావాలి.

21 నవంబరు, కరీంనగర్

మంకమ్మతోట దిక్కు ఒక బరాత్ గుర్రం. నుక్రా, తెల్లటి తెలుపు. మార్వాడీ రక్తం ఉంది, చెవుల కొసలు లోపలికి తిరిగి ఉన్నాయి. జరీ దుప్పటి కింద పక్కటెముకలు తడిమా. తవుడు తిని కడుపు పెరిగింది, వీపు మీద కండ లేదు. ముందు గిట్టలు పొడుగు సాగి కొస మీద నిలబడుతోంది. నోటి మూలల్లో పాత గాయాలు మానిన గీతలు.

అయినా దాని ముందు చాలాసేపు నిల్చున్నా. డీజే మోగుతోంది, పటాకులు పేలుతున్నాయి, లారీ హారన్. కన్ను కదలలేదు. ఆ గుండెనిబ్బరం నాకు కావాలి. నాగపూర్ రోడ్డు మీద రోజంతా లారీలే.

పది కిలోమీటర్లు నడుస్తుందా అని అడిగా. "నడుస్తది గని మేడం, దీనికి పెండ్లిమండపం దాంక పోవుడే ఎరుక" అన్నాడు సాకేతను. మంచివాడు. గిట్టలు చెక్కిచ్చి వచ్చా. డబ్బులు తీసుకోలేదు.

24 నవంబరు

హైదరాబాద్ శివారులో, రేసుల నుంచి దిగిన గుర్రం. ఆరేళ్లు. ఎంత అందం! చర్మం కింద నరాలు కనబడుతున్నాయి. ముందు కాలి వెనక నరం మీద వేలు పెడితే వెచ్చగా, ఉబ్బుగా తగిలింది. అరికాలు పలచన. రెండేళ్లకే పరుగెత్తించారు, ఎముక పక్వానికి రాకముందే.

దాన్ని కొంటే కాశీకి కాదు, మా ఇంటి వెనక కొట్టానికి కొనాలి. ఊరికే ఉంచుకోడానికి.

తిరిగొచ్చే బస్సులో రాజేంద్రనగర్ గుర్తొచ్చింది. కాలేజీలో సీనియర్లు చాటుగా ఎక్కించిన ఎన్‌సీసీ గుర్రం. పొగమంచు. అప్పుడు కింద పడతాననే భయమే లేదు. ఇప్పుడు మోకాళ్లు ముందే లెక్కలు వేస్తున్నాయి.

30 నవంబరు

కాగజ్‌నగర్ పక్కన పత్తి ఏరుతున్న మనిషిని పులి చంపింది. నిన్న పొద్దున. చిన్న వయసు. పొద్దుటి నుంచి పేపరు మడవలేకపోయా.

ఇదే రోజు జైనూరు నుంచి గణన పిల్లాడి ఫోన్. "మేడం, ఒకటి దొరికింది. గుట్ట మీద గూడెంల. నిజం గుర్రమే, గాడిద గాదు."

అడవి దారిలో పులి వాసన తగిలితే గుర్రం ఏం చేస్తుంది? పరుగెత్తేదైతే నన్ను పడేస్తుంది. బిగుసుకుపోయి నిలబడేదైతే... అదీ మంచిది కాదు. ముందే చెప్పేది కావాలి.

8 డిసెంబరు, జైనూరు పైన

జీపు దారి అయిపోయాక నడక. మార్లవాయి మీదుగా వచ్చా. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, బెట్టి దంపతుల సమాధుల దగ్గర కొంచెం ఆగా. గుస్సాడీ నర్తకుడు కనకరాజు గారు పోయి నెలన్నర కాలేదు. ఊరు ఇంకా మెల్లగానే మాట్లాడుతోంది.

ఇప్పచెట్టు కింద కట్టేసి ఉంది. ఆడగుర్రం. ఎర్ర మట్టి రంగు. మూపు దగ్గర 128 సెంటీమీటర్లు. ఛాతీ చుట్టు 148, పొడవు 138. లెక్క వేస్తే 255 కిలోలు. నోరు తెరిచా. పై మూల పంటి గాడి సగం దాకా దిగింది. పదిహేనేళ్లుంటాయి.

నాడాలు లేవు. ఎన్నడూ లేవట. గిట్ట మీద గోరు గుచ్చితే దిగలేదు. అరికాలు లోతుగా, గుండ్రంగా. నలభై ఏళ్ల సర్వీసులో ఇంత మంచి గిట్ట చూడలేదేమో.

గూడెం పటేలుది ఈ గుర్రం. జైనూరు అంగడి నుంచి ఉప్పు, రేషను బియ్యం దీని మీదే తెచ్చుకుంటాడు. వాగు పొంగితే జ్వరమొచ్చిన పిల్లలను దీని మీదే దాటిస్తాడు. ముందట ప్రతి గూడెంలో పటేలుకు గుర్రం ఉండేదట.

"అమ్ముతవా?" అడగొద్దనుకుంటూనే అడిగా.

"అమ్మితే ఉప్పెవలు మోస్తరు, డాక్టర్ బాయీ?"

కొంచెం ఆగి, తనలో తనే: "రోడ్డు ఏస్తమంటున్నరు. ఏసినంక దీనికేం పని?"

9 డిసెంబరు, అక్కడే

చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. పొద్దున్నే పటేలు నన్ను ఎక్కించాడు. జీను లేదు, మడత పెట్టిన గోనె. గుట్ట ఎక్కింది. నాకు గర్వంగా ఉంది. ఆయన కింద నిలబడి చూస్తున్నాడు, ఏమీ అనలేదు.

"ఎక్కుడు ఏ గుర్రమైనా ఎక్కుతది. దిగేటప్పుడు జూడాలె."

వాగు వైపు రాళ్ల దిగుడు. వెనక కాళ్లు పొట్ట కిందికి తెచ్చుకుంది. ముందు కాలు రాయి మీద పెట్టి, బరువు మోపకుండా ఆగింది. రాయి కదిలింది. కాలు తీసి పక్కన పెట్టింది. నేను పగ్గం బిగించబోతే కింద నుంచి పటేలు చెయ్యి ఊపాడు. వదిలేయమని.

వదిలేశా. దారి అదే చూసుకుంది.

గుర్రాలు చూడ్డానికి మాళేగావ్ జాతరకు నాతో వస్తారా అని అడిగా. ఆయనకు మరాఠీ వచ్చు. నాకు రావాల్సిన చూపూ ఆయన దగ్గరే ఉంది. ఒప్పుకున్నాడు. చార్జీలు మాత్రం తనవే అన్నాడు. దాని మీద పట్టుపట్టలేదు నేను.

16 డిసెంబరు, కరీంనగర్

లెక్క కుదరడం లేదు.

గుర్రం బరువులో ఐదో వంతు. రోజూ నడవాలంటే అంతకు మించి వేయకూడదు. నేను 61 కిలోలు. జీను, సంచులు, నీళ్లు, దాణా కలిపితే 80 దాటుతుంది. 255 కిలోల ప్రాణికి 51 మాత్రమే. అట్లని 400 కిలోల గుర్రం కొంటే దాని తిండి దారిలో దొరకదు. అమ్మ ప్రశ్న దగ్గరికే వస్తున్నా.

చిఫెలీ పుస్తకం తిరగేశా. స్విస్ బడిపంతులు. 1925లో బ్యూనస్ ఏర్స్ నుంచి బయల్దేరి 1928లో న్యూయార్క్ చేరాడు. ఆయన గుర్రాలు మంచా, గాతో. క్రియొల్లో జాతి, పటగోనియాలో ఒక ఆదివాసి నాయకుడి మందలోవి. అప్పటికే పదిహేనేళ్లకు తక్కువ కావు. ముసలివని, పొట్టివని జనం తీసిపారేశారు. గాతో దెబ్బ తగిలి మెక్సికోలో ఆగిపోయింది, మంచా చివరిదాకా చేరింది. రెండూ తిరిగి ఊరికొచ్చి ఏళ్లకేళ్లు బతికాయి.

రెండు. ఆయన రెండు తీసుకున్నాడు.

నా దగ్గరున్నది ఒక గుర్రానికి సరిపోయే డబ్బు. రాత్రి పాసుబుక్కు ముందేసుకుని కూర్చున్నా.

29 డిసెంబరు, మాళేగావ్

లోహా దాటగానే దుమ్ము. ఖండోబా జాతర ఇవాళే మొదలు. మన కొమురవెల్లి మల్లన్న ఇక్కడ గుర్రమెక్కి ఖండోబా అయ్యాడు. మనుషుల ముఖాలు, గుడి మెట్లు, ఎడ్ల కొమ్ములు, అన్నిటి మీదా పసుపు. గాడిదలు, ఎడ్లు, కుక్కలు, గుర్రాలు. ఇన్ని గుర్రాలు ఒక్కచోట! చిన్నపిల్లలా ఒక కొస నుంచి ఇంకో కొసకు తిరిగా.

ముందు వరసలో పొడుగాటి మార్వాడీలు, పంజాబు నుంచి వచ్చినవి. లక్షల్లో ధర. కొనేవాళ్లు సుడులు చూస్తున్నారు. నుదుట ఎక్కడుంది, మెడ మీద ఎటు తిరిగింది. పంచకల్యాణి అని ఒకదాని చుట్టూ మూగారు. రవాల్ చాల్ చూపిస్తున్నారు, రౌతు చేతిలో నిండు గ్లాసు నీళ్లు ఒలకడం లేదు. ఆ నడక నాకూ కావాలి, నా నడుముకు. కానీ ఎన్ని గంటలు?

పటేలు సుడులు చూడలేదు. లద్దె చూశాడు. కాలితో విడదీసి, గింజలు గింజలుగా ఉంటే ముందుకు పోయాడు. నీళ్లు తాగేటప్పుడు చూశాడు. దుమ్ములో అడుగుజాడలు చూశాడు, వెనక గిట్ట ముందు గిట్ట జాడను అందుకుంటోందా లేదా అని. నేను స్టెతస్కోపు పట్టుకుని ఆయన వెనక నడిచా. ఆయన వద్దన్నవాటిలో నేను వినే పని ఒక్కసారీ పడలేదు.

బేరాలు రుమాలు కింద వేళ్లతో. పైన ముఖాల్లో ఏమీ లేదు.

30 డిసెంబరు, మాళేగావ్

అమావాస్య. జాతర చివర, అమ్మకానికి కాని చోట, ఒక ధన్‌గర్ కుటుంబం. గొర్రెల వాళ్లు. దేవుడి మొక్కు కోసం ఆగారు. రెండు తట్టు గుర్రాలు, వీపుల మీద గిన్నెలు, గొంగళ్లు, కోళ్ల గంప, ఆ పైన నిద్రపోతున్న పసివాడు.

పటేలు అక్కడ ఆగిపోయాడు.

భీమథడి. భీమా నది ఒడ్డు గుర్రం. మరాఠా సైన్యాలను మోసిన జాతి. ఇన్నాళ్లూ దేశవాళీ తట్టు అని వదిలేశారు. ఈ మధ్యనే కర్నాల్ పశు జన్యు సంస్థ వాళ్లు జాతిగా నమోదు చేశారు. ఈ మాట నేను చెప్తుంటే ధన్‌గర్ భార్య నవ్వింది. వాళ్లకు ఎప్పుడూ జాతే.

ఒకటి తుళశీ, ఎర్రది. 132 సెంటీమీటర్లు, 293 కిలోలు. పళ్లను బట్టి తొమ్మిదేళ్లు. రెండోది మైనా, బూడిద రంగు, కొంచెం చిన్నది. నాడి నిమిషానికి 36. పడుకున్న మనిషి అంత నెమ్మదిగా ఊపిరి.

తుళశీ ఒక్కదాన్నే అడిగా.

"ఒకదాన్ని ఎట్ల ఇస్తం? రెండోది మేత ముట్టదు" అని ధన్‌గర్ అన్నాడని పటేలు చెప్పాడు.

ఇద్దామన్న ఆలోచన అసలు ఉందా? ఉందట. కొడుకు ట్రాలీ ఆటో తీసుకుంటున్నాడు. సంక్రాంతి తర్వాత కిన్వట్ దగ్గర మంద నిలుపుతారు, అక్కడికి రమ్మన్నాడు. ముందు నాతో నడవండి, తర్వాత మాట.

12 జనవరి 2025, కరీంనగర్

బిడ్డ హైదరాబాద్ నుంచి వచ్చింది. అరిసెలు. మాటలు. అసలు మాట రాత్రి.

"నీకేమన్నా అయితే, అమ్మా?"

జవాబు చెప్పలేదు. నాకేమన్నా అయితే గుర్రాలను ఎవరు చూస్తారన్నది నా మనసులో తిరుగుతోంది. అది ఆమెకు చెప్పే మాట కాదు.

మా ఆయన మాత్రం పాత మిలిటరీ సంచి అటక మీంచి దించి, దులిపి పెట్టాడు. ఏమీ అనలేదు.

20 జనవరి, కిన్వట్ దగ్గర

శనగ కోసిన చేనులో మంద. గొర్రెలు రాత్రి పడుకున్నందుకు రైతు గింజలిస్తాడు, ఎరువు ఆయనకు దక్కుతుంది. పొద్దు పొడవక ముందే కదిలాం.

మొదటి గంట ఎక్కలేదు. పక్కన నడిచా. వీళ్ల ఆడవాళ్లెవరూ గుర్రం ఎక్కరు. సామానే గుర్రం మీద, మనుషులు నేల మీద. రెండో గంట ఎక్కా. మళ్లీ దిగా. ఎత్తు వచ్చినచోట దిగా, పల్లం వచ్చినచోటా దిగా. లెక్క తనంతట తనే కుదురుతోంది. సంచులు మైనా మీద, నేను సగం దూరం తుళశీ మీద, సగం నా కాళ్ల మీద.

నిటారు గుట్ట ఎక్కి ఆగాక నాడి చూశా. అరగంటలో 64కు దిగితే చాలు. 48కి వచ్చింది. మేస్తూనే ఉంది.

వాగు దిగుడులో పటేలు ముందే పోయి కింద నిలబడ్డాడు. తుళశీ దిగింది. ఆయన నా వైపు చూడలేదు, గుర్రం వైపే చూస్తూ తల ఊపాడు.

మోకాళ్లకు ఆముదం రాసుకుంటున్నా. నొప్పి ఉంది. నిద్ర కూడా ఉంది.

21 జనవరి, అక్కడే

చెప్పాల్సింది చెప్పా. రక్తం పరీక్ష లేకుండా రాష్ట్రం దాటించలేను. గ్లాండర్స్. మనుషులకూ అంటే జబ్బు. సీరం హిసార్ పోవాలి. లేదని వస్తే సరే. ఉందని వస్తే చట్టంలో ఒక్కటే దారి. చంపి లోతుగా పూడ్చాలి. పరిహారం ఉంటుంది. కానీ...

పటేలు ఆ ముక్కను మరాఠీలోకి మార్చడానికి చాలాసేపు తీసుకున్నాడు.

ధన్‌గర్ లేచి మంద వైపు పోయాడు. నేను రాకపోయి ఉంటే ఈ భయం వాళ్ల చేనులోకి వచ్చేదే కాదు. దగ్గు లేదు, ముక్కు కారడం లేదు, కాళ్ల మీద పుండు లేదు. నా కంటికి ఆరోగ్యమే. కానీ ఆ పసివాడు రోజూ వాటి మూతి పక్కనే పడుకుంటాడు. అది చూశాక పరీక్ష వద్దు అని ఎట్లా అంటాను?

రాత్రంతా ఎవరం సరిగా మాట్లాడుకోలేదు.

22 జనవరి

తెల్లారి ఆయనే తుళశీ తల పట్టుకున్నాడు. ఇక్కడి ఆసుపత్రి డాక్టరు గారు వచ్చి మెడ నరం నుంచి రక్తం తీశారు. తర్వాత మైనా. సర్రా జబ్బు కోసం స్లైడు నేనే చూశా, ఏమీ లేదు. అడవి దారిలో జోరీగల కాలం వస్తే మళ్లీ చూడాలి.

గొట్టాల మీద పేర్లు రాస్తుంటే చెయ్యి వణికింది. ఎన్ని వేల నమూనాలు పంపానో. నంబర్లే రాశా ఇన్నాళ్లూ.

28 జనవరి, కేస్లాపూర్

నాగోబా జాతర. మెస్రం వంశం వాళ్లు కలమడుగు దగ్గర హస్తినమడుగు నుంచి గోదావరి జలం నడిచి తెచ్చారు. అర్ధరాత్రి మహాపూజ. మర్రిచెట్ల కింద జనం మధ్య కూర్చున్నా. ఎడ్లబండ్లు, జీపులు, ఆటోలు. గుర్రం, నేను చూసినంతలో, ఒక్కటీ లేదు.

పటేలు తన ముసలిదాన్ని ఇంటి దగ్గరే వదిలి బస్సులో వచ్చాడు. "గుట్ట దిగుతది గని, జీపుల హారన్లకు బెదురుతది" అన్నాడు.

హిసార్ నుంచి కబురు లేదు.

10 ఫిబ్రవరి, కరీంనగర్

టీవీలో రీవా దారి. కుంభమేళాకు పోయే బండ్లు మైళ్ల పొడుగునా ఆగిపోయాయి. నేను పోవాల్సిన రోడ్డు అదే. కార్తీకంలో ఇట్లా ఉండదు, తెలుసు. అయినా పటం ముందు పెట్టుకుని పెద్ద రోడ్డు పక్కనున్న పల్లెదారులన్నీ పెన్సిలుతో గీశా. వీరాస్వామయ్య మజిలీల్లో సగం ఆ పల్లెదారుల మీదే పడుతున్నాయి.

అమ్మ ఉలవలు ఏరుతోంది. "ఇప్పటికెల్లి ఎందుకే?" అంటే, "నువ్వు గుర్రం తెచ్చినంక ఏరుతానా?" అంది.

24 ఫిబ్రవరి

నెగెటివ్. రెండూ.

ఫోన్ కింద పెట్టి వంటింట్లో నేల మీద కూర్చున్నా. లేవాలనిపించలేదు. తర్వాత కిన్వట్‌కు ఫోన్. పటేలుకు ఫోన్, సిగ్నల్ లేదు. గణన పిల్లాడికి చెప్పా, గూడెం పోయి చెప్పమని.

2 మార్చి, కిన్వట్ దగ్గర

రెండింటికీ కలిపి ఎనభై వేలు. రుమాలు లేదు, వేళ్లు లేవు, ధన్‌గర్ నోటితోనే చెప్పాడు, నోటితోనే ఒప్పుకున్నా. ఆయన భార్య మాత్రం డబ్బు ముట్టలేదు. మైనా ఏ నీళ్లు తాగదో, ఏ చెవి వెనక గోకితే నిలబడుతుందో, తుళశీని ఎడమ వైపు నుంచే ఎందుకు ఎక్కాలో... అన్నీ వరసగా చెప్పింది. రాసుకున్నా. కాశీ నుంచి తిరిగొచ్చాక చూపించడానికి తెస్తావా అని అడిగింది. తెస్తానన్నా.

బండి ఎక్కించడం లేదు. నడిపించే తీసుకుపోతా. బోథ్, నేరడిగొండ, మహబూబ్ ఘాట్ దిగి నిర్మల్, సోన్ వంతెన, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, కరీంనగర్. ఎండ ముదరకముందే, పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం రెండు. లారీల పక్కన ఎట్లా ఉంటాయో నిర్మల్ దాటేసరికి తెలుస్తుంది. నిర్మల్ దాకా పటేలు తోడొస్తానన్నాడు.

నాల్‌బంద్ సాయంత్రం వచ్చాడు. ఎడ్ల కాళ్లకు వేసీ వేసీ గుర్రం నాడా చేసి చాలా కాలమైందన్నాడు, కానీ చేతులు మర్చిపోలేదు. తుళశీకి ముందు కాళ్లకు వేయించా. మైనాకు అక్కర్లేదంటాడు పటేలు, గిట్ట గట్టిదట. నిజమే, కానీ ఇది తారు రోడ్డు, రెండు వందల కిలోమీటర్ల దాకా... వేయించాలా, వద్దా? బోథ్ దాకా చాలావరకు మట్టి దారే. నేరడిగొండలో గిట్ట అరుగుదల చూసి చెప్తానన్నా.

దాణా నాలుగింటికి. ఐదింటికి కదలాలి.